కాలిబాట వింతల రిజిస్టరు: ప్రాజెక్టు డైరీ

ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చిన ఫోన్లలో ఇలాంటి ఫోటోలు బోలెడు ఉంటాయి: రాతి మీద చెట్టు బొమ్మలాంటి నల్ల గీతలు, బురదలో ఏదో జంతువు అడుగు, ఆకు నిండా బుడిపెలు. నెల తిరిగేసరికి అది ఎక్కడ తీసిందో, అరచేతంత ఉందో గోరంత ఉందో చెప్పేవాళ్లుండరు. ఈ ప్రాజెక్టులో చేస్తున్న పని ఒకటే. ఒక కాలిబాట ఎంచుకుని, దాని పొడవునా కనిపించే వింతల్ని ఉన్నచోటు నుంచి కదల్చకుండా, వేరేవాళ్లు వెళ్లినా వెతికి పట్టుకునేంత వివరంగా నమోదు చెయ్యడం. పనులు ఏ దశకి వచ్చాయో, ఎక్కడ ఏది చెడుతుందో కింద ఉంది.

దారి, టైము: పూర్తయింది

ఎంచుకున్న దారి ఒకవైపు 6 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు మొత్తం 300 మీటర్లు. నడకకి పట్టే టైముకి స్కాటిష్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ అదనంగా ఇంకో గంట. ఆ లెక్కన పైకి 1 గంట 42 నిమిషాలు. కానీ అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. పన్నెండు చోట్ల ఆగి ఒక్కోచోట 12 నిమిషాలు గడిపితే ఇంకో 2 గంటల 24 నిమిషాలు కలుస్తుంది. వెనక్కి తిరగాల్సిన టైము బయల్దేరేముందే రాసి పెట్టుకోవాలి. చూడాల్సినవి ఎన్ని మిగిలినా ఆ టైముకి తిరగాల్సిందే. అడుగుజాడకి ప్లాస్టర్ అచ్చు పోసే రోజైతే ఆగే చోట్లు సగానికి తగ్గించడం మేలు, ఒక్క అచ్చే ముప్పావు గంట తినేస్తుంది.

గుర్తుల కోసం రంగు పుయ్యడం, మేకు కొట్టడం, రిబ్బన్ కట్టడం ఏదీ చెయ్యలేదు. పెద్ద బండ, దారి మలుపు, వాగు దాటే చోటు లాంటివే స్టేషన్లు. ఒక్కో స్టేషన్ దగ్గర నిలబడి ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి ఫోటో తీసి, దిక్సూచిలో దిశ రాసుకుంటే చాలు. దిశ చూసేటప్పుడు ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే తీసెయ్యాలి, లేకపోతే సూది ఎటు చూపిస్తే అదే ఉత్తరం అవుతుంది.

జీపీఎస్ అంకెలు దశాంశ డిగ్రీల్లో, చుక్క తర్వాత ఐదు స్థానాల వరకు రాస్తే సరిపోతుంది. ఐదో స్థానం విలువ సుమారు 1.1 మీటరు. ఫోన్ జీపీఎస్ తెరిపి ఆకాశం కిందే 5 మీటర్లు అటూఇటూగా చెబుతుంది. కాబట్టి ఏడెనిమిది స్థానాలు రాయడం వల్ల చోటేమీ ఖచ్చితం అయిపోదు. కొండ అంచు పక్కన, దట్టమైన చెట్ల కింద సిగ్నల్ రాళ్లకి తగిలి తిరిగొచ్చి పాయింటు ఇంకా పక్కకి పోతుంది. అక్కడ ఫోన్‌ని కదపకుండా ఓ నిమిషం ఉంచి, యాప్ చూపించే ఖచ్చితత్వం అంకె నిలకడకి వచ్చాకే సేవ్ చెయ్యాలి.

సంచి: పూర్తయింది

పది రెట్లు పెద్దది చేసే చేతి భూతద్దం, 15 సెంటీమీటర్ల స్కేలు, మెరుగు లేని తెల్ల టైలు ముక్క, చిన్న అయస్కాంతం, 10 మిల్లీలీటర్ల డ్రాపర్ సీసాలో వెనిగర్, కిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, దాని కోసం అర లీటరు నీళ్లు. ఈ నీళ్లు తాగే నీళ్లలో లెక్కెయ్యకూడదు. ఇంకా జిప్ కవర్లు, ప్లాస్టిక్ పట్టీ, మెత్తటి బ్రష్షు, తాపీ, వాడిన పేపర్లు, పెన్సిలు. తడిలో పెన్ను మొరాయిస్తుంది, పెన్సిలు రాస్తూనే ఉంటుంది.

భూతద్దం గురించి ఒక మాట. చాలామంది దాన్ని చెయ్యి చాచి పట్టుకుని చూస్తారు, అలా చూస్తే రూపాయి బిళ్లంత వృత్తంలో మసకే కనిపిస్తుంది. అద్దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, చూసే వస్తువునే దగ్గరికి తేవాలి. పది రెట్ల అద్దానికి 2.5 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ కుదురుతుంది. వస్తువు కదలనిదైతే తలే వంచాలి తప్ప అద్దాన్ని కంటి నుంచి దూరం జరపకూడదు.

ప్రతి వింతకీ నాలుగు ఫోటోలు: పరిసరాలతో ఒకటి, స్కేలుతో నిలువుగా పైనుంచి ఒకటి, దగ్గరగా ఒకటి, పక్కనుంచి లేదా అడుగునుంచి ఒకటి. స్కేలు వస్తువుకి ఎంత ఎత్తులో ఉందన్నది ముఖ్యం. 3 సెంటీమీటర్ల లోతు అడుగుజాడ పక్కన నేల మీద స్కేలు పెడితే, స్కేలు కెమెరాకి దగ్గరగా ఉండి పెద్దదిగా కనిపిస్తుంది, జాడ అసలుకన్నా చిన్నదిగా లెక్కకొస్తుంది. స్కేలుని జాడ అడుగు మట్టానికి దించాలి, కుదరకపోతే లోతు కొలిచి పక్కన రాయాలి.

అడుగుజాడలు: ఎక్కువ పని ఇక్కడే

అచ్చు పొయ్యడానికి ముందు జాడని చదవాలి. పిల్లి జాతి, కుక్క జాతి తేడా గోళ్ల గుర్తులతో తేల్చెయ్యడం అలవాటు. పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి జాడలో మామూలుగా పడవు, నిజమే. కానీ జారుడు బురదలో పిల్లి కూడా గోళ్లు దింపుతుంది, గట్టి నేలలో కుక్క గోళ్లు పడకపోవచ్చు. చిరుతలాగే కనిపించే చీతాకైతే గోళ్లు పూర్తిగా ముడుచుకోవు. అందుకని వెనక మెత్త (వేళ్ల వెనక ఉండే దిండులాంటి భాగం) ఆకారం చూడటం నయం. పిల్లి జాతిలో దాని వెనక అంచున మూడు ఉబ్బులు ఉంటాయి. కుక్క జాతిలో వేళ్లకీ మెత్తకీ మధ్య ఖాళీలో అడ్డం లేకుండా ఇంటూ గుర్తు గియ్యొచ్చు, పిల్లి జాతిలో గీత మెత్తని కోసేస్తుంది. జాడ మొత్తం గుండ్రంగా ఉందా, పొడుగ్గా ఉందా అన్నది ఆ తర్వాత.

కొలత ఎక్కడ తియ్యాలన్నదే పెద్ద చిక్కు. మెత్తటి బురదలో కాలు దిగేకొద్దీ పై అంచు విచ్చుకుంటుంది, అక్కడ కొలిస్తే ఏ జంతువైనా రాక్షసిలా తేలుతుంది. జాడ గోడ నిలువుగా దిగి అడుగు మట్టానికి తిరిగే చోట కొలవాలి. వాలు నేల మీద జాడ సాగుతుంది, పరుగెత్తినప్పుడు వేళ్లు విచ్చుకుంటాయి. ఒక్క జాడతో తీర్పు చెప్పకుండా వరసలో నాలుగైదు కొలిచి, అన్నిటికన్నా స్పష్టంగా పడినదానికే ప్లాస్టర్ పొయ్యాలి. అడుగు దూరం అంటే ఒకే కాలు రెండుసార్లు పడిన చోట్ల మధ్య దూరం, అదీ వరస ఫోటోతో పాటు రాసుకోవాలి. ఫోటోకి ఎండ పక్కనుంచి పడే ఉదయం, సాయంత్రం వేళలు మంచివి. నడినెత్తిన సూర్యుడు ఉంటే జాడకి నీడ పట్టి, పక్కనుంచి నేలబారుగా టార్చి వెయ్యాలి.

ఇక అచ్చు. కుక్క అడుగంత జాడకి 10 సెంటీమీటర్ల వెడల్పు వలయం, రెండున్నర సెంటీమీటర్ల మందం కావాలి. దానికి ప్లాస్టర్ 250 మిల్లీలీటర్లు, నీళ్లు 125 మిల్లీలీటర్లు సరిపోతాయి. కొలత రెండిటికీ ఒకే గిన్నెతో: రెండు పాళ్లు ప్లాస్టర్, ఒక పాలు నీళ్లు. కిలో పొడితో ఇలాంటివి నాలుగు దాకా వస్తాయి. ఇంటి దగ్గరే ఒక్కో అచ్చుకి సరిపడా పొడి ఒక్కో జిప్ కవర్‌లో కొలిచి పెట్టుకుంటే దారిలో దుమ్ము లేవదు. గిన్నెలో కలిపితే నీళ్లలోకి పొడి చల్లాలి, పొడిలోకి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. కవర్‌లో కలిపేటప్పుడు మాత్రం నీళ్లు పోసి మూతి బిగించి, బయటినుంచే వేళ్లతో ఒకటి రెండు నిమిషాలు పిసికితే ఉండలు విడిపోతాయి. మరీ గట్టిగా ఊపితే గాలి బుడగలు చేరి, అచ్చు మీద సరిగ్గా వేలి దగ్గరే గుంటలు పడతాయి. కవర్ వంచితే ధార తెగకుండా జారాలి. అంతకన్నా పల్చగా ఉంటే ఎండాక పెళుసవుతుంది.

పొయ్యడానికి ముందు రాలిన ఆకులు తీసెయ్యొచ్చు గానీ, మట్టిలో నొక్కుకుపోయినవాటిని లాగకూడదు, వాటితో పాటు జాడ అంచు కూడా లేచొస్తుంది. లోపల నీళ్లు నిలిస్తే సిరంజితో పీల్చి, మిగిలిన తడి మీద పొడి ప్లాస్టర్ పల్చగా చల్లాలి. పొడి ఇసుకైతే సన్నటి నీటి తుంపర పైకి కొట్టి, అది తనంతట తాను జాడ మీద వాలేలా చెయ్యాలి. నేరుగా కొడితే ఇసుక రేణువులు ఎగిరిపోతాయి. ప్లాస్టిక్ పట్టీని వలయంలా చుట్టి, జాడకి ఒక సెంటీమీటరు ఎడంగా మట్టిలో దింపాలి. వలయం కింద సందు ఉంటే సగం ప్లాస్టర్ బయటికి పోతుంది, చుట్టూ మట్టి నొక్కితే ఆగుతుంది. ప్లాస్టర్‌ని జాడ మీద ఎప్పుడూ పొయ్యకూడదు. వలయం అంచున చెంచా పెట్టి దాని మీద పోస్తే మెల్లగా పాకి వేళ్ల గుంటల్లోకి చేరుతుంది.

గట్టిపడటానికి 20 నుంచి 30 నిమిషాలు. చలిలో, తడి నేల మీద ఇంకా ఎక్కువ. నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపితే త్వరగా గట్టిపడుతుంది, చిటికెడు దాటితే అచ్చు బలం తగ్గుతుంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గి, గోటితో తడితే రాయి శబ్దం వచ్చాక తియ్యొచ్చు. ఇంకా మెత్తగా ఉండగానే వీపు మీద మేకుతో తేదీ, స్టేషన్ నంబరు, జంతువు నడిచిన దిశకి బాణం గీసెయ్యాలి. తీసేటప్పుడు అంచు పట్టి పైకి లాగకూడదు. చుట్టూ తాపీతో తవ్వి, అడుగున మట్టితో సహా ఎత్తి, పేపర్‌లో చుట్టి తేవాలి. అంటుకున్న మట్టిని అక్కడే తోమితే సన్నటి గీతలన్నీ పోతాయి. ఒకటి రెండు రోజులు ఆరాక మెత్తటి బ్రష్షుతో దులపాలి. ఎంతసేపటికీ గట్టిపడని ప్లాస్టర్ అంటే దాదాపు ఎప్పుడూ గాలిలో తేమ పీల్చుకున్న పాత పొడే. పొడిలో ముందే గరుకు ఉండలు కనిపిస్తే ఆ పాకెట్ పక్కన పెట్టెయ్యాలి.

రెండు హెచ్చరికలు. సరదాకి పిల్లల చేతుల్ని తడి ప్లాస్టర్‌లో ముంచనివ్వకూడదు. ఎక్కువ మోతాదులో అది 60 డిగ్రీల దాకా వేడెక్కి, చెయ్యి ఇరుక్కుపోయి లోతుగా కాలుతుంది. కవర్లనీ గిన్నెనీ వాగులో కడగకూడదు, మిగిలిన ప్లాస్టర్ కవర్‌లోనే గట్టిపడ్డాక వెనక్కి మోసుకురావాలి.

రాళ్లు: సగం అయింది

మూడో స్టేషన్ దగ్గర పొరలుగా విడిన రాతి మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్ల బొమ్మలున్నాయి. చూసిన ప్రతివాళ్లూ శిలాజం అనే అంటారు. భూతద్దం పెడితే వ్యవహారం తేలిపోతుంది. అసలు ఫెర్న్‌కి నడిమి ఈనె ఉంటుంది, దానికి రెండువైపులా చిన్నాకులు ఒక క్రమంలో వస్తాయి, ఒక్కో చిన్నాకులో మళ్లీ ఈనెలుంటాయి. ఇక్కడ కొమ్మలన్నీ రాతి పగులు అంచు నుంచి మొదలై, లోపలికి పోతూ ఇష్టం వచ్చినట్టు చీలాయి. ఈనె లేదు, జంట లేదు, మందమూ లేదు, ఉన్నదల్లా పొరల మధ్య సన్నటి నల్ల పూత. ఇది మాంగనీస్ ఆక్సైడు. పగుళ్లలోకి ఊరిన నీటితో వచ్చి, అక్కడ పేరుకుంటూ కొమ్మలుగా పెరిగింది. దీన్ని డెండ్రైట్ అంటారు. శిలాజం కాకపోయినా నీరు రాతిలో ఏ పగులు గుండా నడిచిందో చెబుతుంది కాబట్టి రిజిస్టరులో దాని చోటు దానిదే.

మిగతా పరీక్షలన్నీ రాలిపడిన చిన్న ముక్కల మీదే, నిలిచిన బండ మీద గీతలు పెట్టకూడదు. గోరు గట్టిదనం మోస్ కొలమానంలో (అంకె పెద్దదైతే గట్టిదనం ఎక్కువ) సుమారు 2.5, ఉక్కు చాకు 5.5, క్వార్ట్జ్ 7. చాకు గీత పడితే అది క్వార్ట్జ్ కాదు. గీత పడినట్టు కనిపిస్తే వేలితో రుద్ది చూడాలి, చాలాసార్లు అది రాయి మీద రాలిన ఉక్కు పొడే. ఇనుప ఖనిజాల్లో, టైలు మీద గీస్తే హెమటైట్ ఎర్రటి గోధుమ రంగు గీత వదులుతుంది, మాగ్నటైట్ నల్లది. మాగ్నటైట్ అయస్కాంతానికి అతుక్కుంటుంది కూడా. సున్నపురాయి మీద వెనిగర్ చుక్క వేస్తే సన్నగా బుడగలొస్తాయి. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి కంటికి ఆనకపోవచ్చు, భూతద్దంతో చూడాలి. సున్నపురాయిలాగే ఉండే డోలమైట్ అయితే ముక్క మీద దాదాపు కదలదు, గీసి పొడి చేసి దాని మీద వేస్తేనే స్పందన తెలుస్తుంది. దారి పక్కన సిమెంటు పని జరిగిన చోట ఈ పరీక్ష నమ్మకూడదు, సిమెంటు మరక కూడా బుసబుసమంటుంది.

చిన్న జీవులు

పొడి మట్టిలో గరాటా గుంటలు, చీమల్ని పట్టి తినే యాంట్‌లయన్ అనే పురుగు పిల్లలవి. గుంట గోడ ఇసుక జారకుండా నిలవగలిగే అంచు వాలులో ఉంటుంది, అందుకే చీమ కాలు పెట్టగానే జారుతుంది. గుంట వ్యాసం, లోతు కొలిచి వదిలెయ్యాలి. పక్కన ఇసుక మీద వంకర టింకర గీతలు కనిపిస్తే అవీ దీని పనే, చోటు మారడానికి వెనక్కి నడిచినప్పుడు పడతాయి. ఈ పురుగుకి పిల్ల దశలో మలద్వారం తెరుచుకుని ఉండదు, పెద్దయ్యేదాకా వ్యర్థమంతా లోపలే దాచుకుంటుంది.

ఆకు బుడిపెలు చాలావరకు రోగం కాయలు కావు. పురుగో నల్లిజాతికి చెందిన అతి చిన్న జీవో ఆకు చేతే తనకి ఇల్లు కట్టించుకుంటుంది. మొక్క పేరు, బుడిపె ఆకు పైనా కిందా, ఈనె మీదా పక్కనా, నోరు ఎటువైపు: ఈ నాలుగూ రాస్తే కట్టించింది ఎవరో గుర్తుపట్టడం సగం తేలికవుతుంది.

రాత్రి నడక: జరుగుతోంది

తేళ్లు అతినీలలోహిత (యూవీ) కాంతిలో పచ్చటి నీలంగా వెలుగుతాయి. వాటి పై పొరలో ఉండే పదార్థాల వల్ల ఈ వెలుగు, వాటిలో బీటా కార్బొలిన్‌ని 1999లో గుర్తించారు. అప్పుడే కుబుసం విడిచిన తేలు వెలగదు. కొత్త పొర గట్టిపడేకొద్దీ వెలుగు వస్తుంది. కాబట్టి టార్చికి ఏమీ కనపడలేదంటే తేలు లేదని కాదు.

టార్చి కొనేటప్పుడు చూడాల్సింది వాట్లు కాదు, తరంగదైర్ఘ్యం. 395 నానోమీటర్ల టార్చి ఊదా రంగు వెలుగు బాగా చిమ్ముతుంది, ఆ ఊదాలో మసక వెలుగులన్నీ మునిగిపోతాయి. 365 నానోమీటర్లది, ముందు నల్ల ఫిల్టరు ఉన్నది తీసుకుంటే తేలు రెండు మూడు మీటర్ల నుంచే తెలుస్తుంది. కంటికి కనపడదు కదా అని దాన్ని ఎవరి మొహం మీదా వెయ్యకూడదు. యూవీని ఆపే పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకోవాలి.

నడిచేటప్పుడు మామూలు తెల్ల లైటు, ఆగాకే యూవీ. ఈ వరస తప్పితే పాము మీద కాలు వేసే ప్రమాదం ఉంది, యూవీ వెలుగులో నేల సరిగా కనపడదు. చీలమండ దాకా కప్పే బూట్లు తప్పనిసరి. రాయి తిప్పి చూడాల్సి వస్తే అవతలి అంచుని కర్రతో మనవైపు లేపాలి, రాయి మనకీ లోపలున్నదానికీ మధ్య అడ్డంగా నిలుస్తుంది. చూశాక ఎలా ఉందో అలాగే దించాలి. చాలా రక్షిత అడవుల్లో చీకటి పడ్డాక నడకకి అనుమతి ఉండదు, అది లేకుండా ఈ దశ మొదలుపెట్టకూడదు.

మోసపుచ్చేవి చాలా ఉన్నాయి. టిష్యూ పేపర్ పీచు, ఉతికిన బట్టల దారాలు తెల్లటి నీలంగా ధగధగలాడతాయి, వాటిలో కలిపే మెరుపు రసాయనాల వల్ల. కొన్ని లైకెన్లు (రాళ్ల మీద, చెట్ల మీద మచ్చల్లా పెరిగేవి) నారింజ రంగులో, కొన్ని కాల్సైట్ రాళ్లు ఎర్రగానో నీలంగానో, పచ్చటి ఆకుల్లోని పత్రహరితం ముదురు ఎరుపులో వెలుగుతాయి. కనిపించిన ప్రతిదాన్నీ ఒక్క క్షణం తెల్ల లైటుతో చూసి నిర్ధారించుకోవాలి. వెన్నెల రాత్రుల్లో మసక వెలుగులు తేలిపోతాయి, అమావాస్యకి అటూఇటూ రోజులు మంచివి.

ఫోటోకి కెమెరాని స్టాండు మీద పెట్టి, తెల్ల లైటులో ఫోకస్ చేసి దాన్ని లాక్ చేసి, తర్వాత లైటు ఆపాలి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 400, షట్టరు 2 నుంచి 8 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ పగటి వెలుతురు దగ్గర స్థిరంగా. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫోటోలో ఒక్కో రంగు వస్తుంది, తర్వాత పోల్చడానికి పనికిరావు. తేలు మీద వెలుగు ఒకటి రెండు నిమిషాలకి మించి ఉంచకపోవడం మర్యాద.

రిజిస్టరు

నిలువు వరసలు: స్టేషన్, తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం, ఖచ్చితత్వం మీటర్లలో, ఏమిటి, కొలతలు, నేల స్వభావం, వాతావరణం, ఫోటో నంబర్లు, గుర్తింపు, ఆ గుర్తింపు మీద ఎంత నమ్మకం. చివరి వరస లేకపోతే అనుమానం కూడా కొన్నాళ్లకి నిజంగా చలామణీ అవుతుంది. తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే కంప్యూటరులో తారుమారు కాదు. అక్షాంశం, రేఖాంశం గడులు మారిపోవడం మామూలే, అన్ని పాయింట్లనీ మ్యాపు మీద వేస్తే దారికి దూరంగా పడినవి వెంటనే దొరికిపోతాయి.

గూళ్లు, అరుదైన మొక్కల చోట్లు బయటపెట్టకూడదు. జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో ప్రమాదంలో ఉన్న జాతుల చోటుని 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఉన్నట్టు మసకబారుస్తారు. మనం విడిగా పంచుకునే ఫోటోలో మాత్రం జీపీఎస్ అంకెలు లోపల దాగి వెళ్లిపోతాయి, పంపేముందు లొకేషన్ తీసెయ్యాలి.

మిగిలినవి

వానలు పడ్డాక పుట్టగొడుగుల బీజాల ముద్రలు తియ్యాలి. గొడుగుని సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద అడుగున ఉండే రెక్కల్లాంటి మడతలు కిందికి ఉండేలా పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే రంగు తెలుస్తుంది. కోసి తేవడానికి ఆ చోట అనుమతి ఉంటేనే ఇది. రంగు తెలిసినంత మాత్రాన తినొచ్చో లేదో తేలదు.

తొమ్మిదో స్టేషన్ బండ మీద పసుపుపచ్చ, నలుపు కలిసిన మ్యాప్ లైకెన్ మచ్చలున్నాయి. ఇవి మామూలుగా ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. వీటి వ్యాసాన్ని బట్టి రాతి ముఖం ఎన్నాళ్లుగా బయటపడి ఉందో అంచనా కట్టే పద్ధతిని ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త రోలాండ్ బెషెల్ 1950లో ముందుకు తెచ్చాడు. పెరుగుదల అంత తక్కువైనప్పుడు కెమెరా కోణంలో చిన్న తేడా వచ్చినా ఏడాది పెరుగుదలంత తప్పు వస్తుంది. అందుకని లెన్సుకీ రాతికీ మధ్య 30 సెంటీమీటర్ల కర్రముక్క ఆనించి, స్కేలుని బండకే ఆనించి, ఒక్కో మచ్చకి మూడు ఫోటోలు తీసి సగటు తీసుకోవాలి. ఏటా ఒకే నెలలో, రాయి పూర్తిగా ఆరి ఉన్న రోజున తియ్యాలి. తడిస్తే లైకెన్ రంగు మారి అంచు ఎక్కడుందో తెలియదు. మొదటి ఫోటోలు రిజిస్టరులో చేరాయి, రెండో కొలత వచ్చే ఏడు ఇదే నెలలో.